నా వంతు బువ్వ

“మటన్ దుకాణం నడిపేటోని పెండ్లానికి నెత్తురు తక్కువున్నదంటే నలుగురు నవ్వుతరు. బయట ఎక్కడ అనకు.”

మా ఆయన ఫకీర్ అహ్మద్ ఈ మాట అన్నప్పుడు నేను పెరట్ల పీట మీద కూసొని బోటి కడుగుతున్న. మోచేతుల దాక సున్నం నీళ్లు. చేతులు అట్లనే పెట్టి తల ఎత్తి ఆయన దిక్కు చూసిన. ఆయన కోపంల అనలే, ఎక్కిరిద్దామనీ అనలే. నిజంగనే ఇజ్జత్ పోతదని భయపడి అన్నడు. అందుకే ఆ మాట నాకు ఇంకింత గుచ్చుకున్నది. తిడితే తిరిగి తిట్టొచ్చు, భయపడేటోన్ని ఏమంటం? “సరే తియ్యిరి” అని మళ్ల పేగులు తిప్పుడు మొదలువెట్టిన.

బోటి కడుగుడంటే ఏందో తెల్వనోళ్లకు జర చెప్పాలె. తెల్లారకముందే మేకలు కోస్తరు. కడుపులు, పేగులు తొట్టిల ఏసుకొచ్చి నా ముందల పెడుతరు. వేడినీళ్లల్ల ముంచాలె, సున్నం రాసి గీకాలె, పేగులు లోపలిది బయటికి తిప్పి కడగాలె. అటెనుక తలకాయలు, కాళ్లు మంట మీద కాల్చి, బొచ్చంత పోయేదాక గీకాలె. పొద్దెక్కేసరికి దుకాణంల అన్నీ తెల్లగ, కొక్కాలకు వేలాడాలె. “ఫకీర్ భాయ్ దుకాణంల బోటికి పేరు పెట్టేదే లేదు” అని మానుకోటంత అనుకుంటరు. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసుకుంటరు గని మేమంత మానుకోటనే అంటం. ఆ పేరు ఆయనకొచ్చింది, వాసన నా చేతులకొచ్చింది. పెండ్లికి పోయినా, పేరంటానికి పోయినా చేతులు కొంగుల దాసుకునుడు నాకు అలవాటైపోయింది.

నా పేరు హసన్ బీ. మా ఇంట్ల మాట దక్కనీల నడుస్తది గని, మనసుల ఏదన్న అనుకోవాలంటే నాకు తెలుగే వస్తది. జనగామల పుట్టిన, అక్కడ్నే సర్కారు బడిల ఏడు దాక తెలుగే చదివిన. మా అమ్మ ఇంకా అక్కడ్నే ఉంటది. నా బిడ్డ ఇక్రా ఇప్పుడు ఆమె కాడ ఉండి ఇంటర్ చదువుతున్నది. తమ్ముడు ముజాహిద్ భూపాలపల్లిల బొగ్గుబాయి పని చేస్తడు, రూంల ఒక్కడే ఉంటడు. ఇక్కడ మానుకోటల నేను, ఆయన, మా అత్త.

గొంతు కాడ గడ్డ లేచింది మొదలు ఇదంత నడుస్తున్నది. మొదట్ల శనగగింజంత ఉండె, తర్వాత నిమ్మకాయంతైంది. మింగుదామంటే మింగనియ్యకపోయేది. “ఊకె నోరు చేస్తది గదా, గొంతుల గడ్డ లేవకపోతే ఏం లేస్తది” అన్నది అత్త. వరంగల్ దవాఖానకు తీసుకపోతే గొంతు కోసి థైరాయిడ్ మొత్తానికి మొత్తం తీసేసిండ్రు. బతికినన్ని రోజులు పొద్దుగాల పరిగడుపున ఒక గోలీ మింగాలె అని చెప్పి పంపిండ్రు. గొంతు మీద గీత పడ్డది, మాట గరగర అయింది. గట్టిగ పిలుద్దామన్నా పిలుపు పోదు. “ఇప్పుడు మంచిగైంది, నెమ్మదిగ మాట్లాడుతున్నవు” అన్నడు మా ఆయన. నవ్వుకుంటనే అన్నడు. నేను గూడ నవ్విన. ఆ నవ్వు ఎందుకు నవ్వినో ఇప్పటికీ నాకు మండుతది.

ఆపరేషన్ అయినంక ఒళ్లు వచ్చింది, ఊపిరి తగ్గింది. బిందె ఎత్తితే గుండె దడదడ, రెండు మెట్లెక్కితే కండ్ల ముందల చీకట్లు. నెల నెల పోయేది మాత్రం ఆగకుంట పోతనే ఉండె. తల దువ్వుకుంటే దువ్వెన నిండ వెంట్రుకలు. మానుకోటల ఉన్న డాక్టరమ్మ కాడికి పోతే పరీక్షలు రాసింది. రక్తం ఏడే ఉన్నది, చక్కెర జర ఎక్కువ దిక్కు పోతున్నది అని చెప్పింది. అన్నం, చక్కెర, మైదా బాగ తగ్గియ్యి, గుడ్లు తిను, ఆకుకూర తిను, మాంసం తిను, అన్నిటికంటె లివర్, అదే కార్జం, తిను అన్నది. ఇనుము గోలీలు గూడ రాసింది. అన్నీ చెప్పి, మీ ఇంట్ల ఏం కష్టం గాదు గదా అని నవ్వింది.

కష్టం ఏముంటదని నేను గూడ అనుకున్న. ఇంటి నిండ మాంసం. కని ఒక మేకకు ఒక్కటే కార్జం. మా దుకాణంల అది మేక నిలబడి ఉండంగనే అమ్ముడుపోతది. పోలీస్ స్టేషన్ దిక్కెల్లి ఒకరికి, బ్యాంకుల పెద్దసారుకు, జ్వరమొచ్చి లేచినోళ్లకు, ఎవరి బాలింతకో. కార్జం తీరుగనే నల్లగ ఉండే తిల్లి ముక్క అయితే చిన్నపిల్లలున్న తల్లులు ముందురోజే చెప్పిపోతరు, అది తింటె నెత్తురు పడుతదని. నేనే ఆకుల చుట్టి పక్కకు పెడుత, గిది ఫలానోళ్లది, గది ఫలానోళ్లదని. ఆయన పిసినారేం గాదు. అడిగితే ఇస్తడు. ఒక్కనాడు అడిగిన గూడ. “ఇయ్యాల కాదు, సారు మనిషిని పంపిండు. రేపు తీస్త” అన్నడు. ఆ రేపు రానేలేదు. నేను మళ్ల అడగలే. నా ఇంట్ల తిండి నేను ఎన్నిసార్లు అడగాలె అని నాకూ పౌరుషమొచ్చింది. ఆ పౌరుషం ఎవరికీ కనబడలే. నా నెత్తురే ఇంకింత తగ్గింది.

ఇగ బువ్వ ముచ్చట. మా ఇంట్ల మొదలు ఆయన తింటడు, సుట్టాలు పక్కాలు ఎవరన్న ఉంటె వాళ్లు, అటెనుక అత్త, ఇక్రా ఉంటె ఇక్రా. ఆఖరికి నేను. ఇది ఎవరూ పెట్టిన రూలు గాదు. వేడివేడిగ వడ్డించాలంటె ఒకరు నిలబడాలె గదా, ఆ నిలబడేది నేను. నా వంతు వచ్చేసరికి గిన్నెల ముక్కలుండయి. అడుగుకు ఇంత శేర్వా ఉంటది, కుండల బువ్వ ఉంటది. ఇరవై ఏండ్ల నుంచి బువ్వల ఆ శేర్వా పోసుకొని కడుపు నింపుకున్న, ఒక్కనాడన్న తక్కువైందనిపియ్యలే. డాక్టరమ్మ బువ్వ మానమన్నంక, కుండ మూత పెట్టి, శేర్వా గిన్నె ముందల పెట్టుకొని కూసున్న. తినేతందుకు ఏం లేదు. బువ్వ మానుడంటె ఏందో నాకు అప్పుడు సమజైంది. ఇంట్ల నాకని ఉన్నది అదొక్కటే, దాన్నే మానమన్నది డాక్టరమ్మ. గిన్నె కడిగి బోర్లేసి, ఇన్ని పల్లీలు నోట్లె ఏసుకొని నీళ్లు తాగి పన్న.

గుడ్లు ఉడకేసుకుంటె అత్త చూసి, “పెద్ద దొరసాని లెక్క బువ్వ పక్కకు పెట్టి గుడ్లు తింటున్నది” అని పక్కింటి కట్టమ్మకు ఇనబడేటట్టు అన్నది. పుంటికూర, తోటకూర వండుకుంటె, కసాబుల ఇంట్ల గడ్డి తినే మనిషి వచ్చిందన్నది. నేను తినకున్నా నా వంతు బియ్యం మాత్రం రోజూ పొయ్యాలె. ఇంట్ల ఎంతమంది ఉంటె అంతమందికి పిడికిళ్లతోని బియ్యం పోసుడు అత్త రివాజు. ఉన్న మనిషి లెక్క తీసేస్తె ఇంట్ల బర్కత్ ఉండదు, ఉన్నది నిలువదు అంటది. ఆ మాటల కొంచెం ప్రేమ గూడ ఉన్నదని నాకు తెలుసు. రోజూ నా పిడికెడు ఉడికేది, రోజూ మిగిలేది. పారేస్తె పాపం. అందుకని బుడ్డోనికి పెట్టుడు మొదలువెట్టిన.

బుడ్డోడంటె మేకపిల్ల. కురవి దిక్కు తండాల నుంచి దేవ్యా అనేటాయన మేకలు తోలుకొస్తడు. ఒకపాలి ఆ మందల ఒక చూడిమేక వచ్చింది, ఎవరూ గుర్తుపట్టలే. మా పెరట్లనే ఈనింది, ఈనినంక బతకలే. పోతుపిల్ల. సీసతోని పాలు తాగిపిచ్చి సాకిన. వేపరొట్ట, సుబాబుల్ రొట్ట వేస్తుంటి, పొద్దుమీకి నా వంతు బువ్వ గంజిల కలిపి ఇన్నిన్ని పెడుతుంటి. నేను బోటి కడుగుతుంటె నా వీపుకు వీపు రాసుకుంట నిలబడేది. తన జాతోళ్ల పేగులే నేను కడుగుతున్ననని దానికి తెల్వది. నాకు తెలుసు. కొన్నిదినాలు దాని దిక్కు చూడబుద్ధి కాకపోయేది. కని నా గరగర గొంతుతోని పిలిస్తె పలికేది ఆ ఇంట్ల అదొక్కటే.

ఆ ఏడు సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్, బొగ్గుబాయిలు బంద్. ఇక్రా కాలేజీ బంద్ పెడితె రైళ్లు ఆగకముందే జనగామ నుంచి ఇంటికొచ్చింది. భూపాలపల్లి నుంచి ముజాహిద్ మోటర్‌సైకిల్ మీద వచ్చి దిగిండు. నన్ను చూసి, “ఏంది ఆపా, గింత తెల్లగైనవు, కొత్త సబ్బా?” అన్నడు. అందరు నవ్విండ్రు. ఊరంత పని బంద్ పెట్టుకొని రోడ్డు మీద ఉన్నది. సాకలోళ్లు రోడ్డు మీద ఇస్త్రీ చేసిండ్రు, మంగలోళ్లు రోడ్డు మీద గడ్డాలు గీసిండ్రు. నేను దర్వాజల నిలబడి చూస్తుంటి. కండ్ల నీళ్లు తిరిగేయి. తెలంగాణ వస్తె మంచిగైతదని నాకూ ఉండె, ఎందుకుండది? మా తమ్ముని కొలువు, నా బిడ్డ చదువు అన్నీ దానిమీదనే ఉన్నయి. కని నా పనొక్కటి బంద్ కాలే. ఇంట్ల మనుషులు పెరిగిండ్రు, వచ్చిపోయేటోళ్లు పెరిగిండ్రు, రోజంత చాయ్ గిన్నె పొయ్యి దిగకపోయేది. సెంటర్ల వంటావార్పు పెడితె మటన్ దుకాణాలోళ్ల తరఫున బగారా, దాల్చా మేమే పంపినం. ఉల్లిగడ్డలన్నీ నేను, కట్టమ్మ కోసినం. పేపరోళ్లు ఫోటో తీసిండ్రు, గంజుల ముందల గంటెలు పట్టుకొని మా ఆయన, ఇంకో నలుగురు మొగోళ్లు.

అటెనుక ఆయన దీక్షల కూసున్నడు. మా గల్లీ మూలమీదనే టెంటు, పొద్దటి నుంచి సాయంత్రం దాక రోజొక సంఘం కూసునే దీక్ష. ఆ దినం వీళ్ల సంఘానిది. మెడల పూలదండలు, పక్కపొంటి మైకు. అత్తకు పొద్దటి నుంచి కాలు నిలువలే. “నా కొడుకు మంచినీళ్లు తప్ప ఏం ముట్టలే, నెత్తురంత గుంజుకపోతది” అని కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. ఆనాడు కోసిన మేక కార్జం ఎవరికీ ఇయ్యలే. దీక్ష ఇడిసి వచ్చినంక కొడుకుకు ఏయించి పెట్టాలె అని తనే తీసి గూట్లె పెట్టింది. నేను పొద్దుగాల రెండు గోలీలు మింగి చాయ్ తాగిన, అంతె. ఆ దినం గుడ్లు లెవ్వు, ఆకుకూర తెచ్చుకునే తీరిక లేదు. బువ్వ నేను ముట్ట.

పొద్దుగూకంగ పొయ్యి మీద కార్జం ఏయిస్తున్న. మిరియాలు, ఎల్లిగడ్డ వాసన ఇల్లంత నిండింది. మైకుల మా ఆయన గొంతు ఇనబడుతున్నది. “ఎన్నేండ్లు మిగిలింది తింటం? నీళ్లల్ల మిగిలింది, కొలువులల్ల మిగిలింది. ముందు మా వాటా పక్కకు తియ్యున్రి, తీసినంక మాట్లాడున్రి!” చప్పట్లు కొట్టిండ్రు. నేను గంటె అట్లనే పట్టుకొని నిలబడ్డ. ఈ మాటలు ఆయనకు ఎవరు నేర్పిండ్రు అనుకున్న. ఎవరూ నేర్పలే, నిజమైన మాట నోటికి దానంతటదే వస్తది. ఆయనకు ఆ మాట గల్లీ మూలమీద వచ్చింది, ఇంట్ల రాలే.

నిమ్మరసం తాగి, జనంతోని వచ్చిండు. ముజాహిద్‌ను పక్కన కూసోపెట్టుకున్నడు. నేను కార్జం పళ్లెం పట్టుకొని వంటింట్ల నుంచి నడిచిన. దర్వాజ దాక వచ్చిన్నని యాదికున్నది. తర్వాత కండ్లు తెరిస్తె ఇక్రా నా తల ఒళ్లె పెట్టుకొని ఏడుస్తున్నది. పళ్లెం ఇక్రా చేతిలకు ఎప్పుడిచ్చిన్నో, అది పడకుంట ఎట్ల ఇచ్చిన్నో నాకు తెల్వది. జనంల ఎవరో, “అన్న దీక్షల కూసుంటె వదిన పడిపోయింది” అన్నరు. ఒక్క నిమిషం భయపడ్డోళ్లంత ఆ మాటకు నవ్విండ్రు. నవ్వి కార్జం తిన్నరు. నేను గోడకు తల ఆనిచ్చి వాళ్ల నోర్లు చూసిన. ఇగో, ఇట్ల పోత నేను, ఇట్లనే ఒకనాడు పళ్లెం అందిచ్చి పోత అనిపిచ్చింది. అప్పుడు భయమైంది, నిజంగ భయమైంది.

తెల్లారి డాక్టరమ్మ కాడికి ఆయనే నన్ను తీసుకపోయిండు. ఆమె నా కనురెప్ప కిందికి గుంజి చూసి, ఏం తింటున్నవమ్మా అని నన్నడిగింది. నా గొంతు లేచేలోపట ఆయన అందుకున్నడు. “మాది మటన్ దుకాణం మేడం. ఇంట్ల మాంసానికి కరువా? ఈమెనే తినది. బువ్వ గూడ మానేసింది.” డాక్టరమ్మ నా దిక్కు కోపంగ చూసింది. ఇంట్ల పెట్టుకొని తినకపోతె నేనేం చెయ్యాలమ్మా అన్నది. ఏమని చెప్పాలె? ముక్కలు అయిపోయినంక తింటనని చెప్పాలెనా? ఆయన మొఖం చూసిన. అబద్ధం చెప్తున్న మొఖం గాదు అది. ఆయన నిజంగనే అట్ల నమ్ముతున్నడు. ఇన్నేండ్లల నేను తింటుంటె ఆయన ఒక్కనాడు చూడలే, నేను తినేసరికి ఆయన చెయ్యి కడుక్కొని లేచి పోయేటోడు.

గోలీలు ఎట్ల మింగుతున్నవని అడిగితె మాత్రం నేనే చెప్పిన. తెల్లారకముందు బోటి తొట్టి రాకముందు ఒక్కపాలి కూసొని చాయ్ తాగుత, రోజంతల నేను కూసునేది అప్పుడే, థైరాయిడ్ గోలీ, ఇనుము గోలీ రెండూ ఆ చాయ్‌తోనే మింగుత అన్న. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఏడాది నుంచి రెండూ నీళ్లపాలు చేసుకున్నవు గదమ్మా అన్నది. దానికీ దీనికీ నాలుగు గంటలన్న ఎడం ఉండాలెనట. చాయ్‌తోని ఇనుము ఒంటికి పట్టదట. రక్తం ఇంకా దిగితె ఎక్కియ్యాల్సి వస్తది, గుండె మీద పడుతది, అప్పుడు నా చేతుల ఉండది అని మా ఆయనకు గూడ ఇనబడేటట్టు చెప్పింది. బయటికొచ్చినంక ఆయన, “గోలీ ఎట్ల మింగాల్నో గూడ తెల్వదా నీకు?” అన్నడు. నాలుగు గంటల ఎడం నాకు యాడ దొరుకుతది అని అడుగుదామనుకున్న. మోటర్‌సైకిల్ చప్పుడుల నా గొంతు ఇనబడదని ఊకున్న.

సమ్మె ఆగిపోయింది. బస్సులు తిరిగినయి, ముజాహిద్ బాయి మీదికి పోయిండు. కొన్ని దినాలకే బక్రీద్ వచ్చింది. పండుగ కోసమని ముజాహిద్ మళ్ల వచ్చిండు. మా తాన ఒక రివాజున్నది. ఖుర్బానీ ఎవరి పేరు మీద ఇస్తరో, కోసేటప్పుడు వాళ్ల పేరు, వాళ్ల నాయిన పేరు చదువుతరు. ఆ మనిషి ఇంట్ల ఉంటె పొద్దటి నుంచి ఏం తినకుంట ఉండి, ఖుర్బానీ కార్జంతోనే నోరు తెరుస్తడు. ఆ మనిషి తిన్నంకనే మిగిలినోళ్లు. మా ఇంట్ల ఒక ఏడు మామ పేరు మీద, ఒక ఏడు మా ఆయన పేరు మీద, దుబాయ్‌ల ఉన్న మరిది పేరు మీద గూడ అయింది. ఆడోళ్ల పేరు ఎన్నడు కాలే. కావద్దని ఎవరూ అనలే, వచ్చే ఏడు చూద్దామని అనేటోళ్లు.

పండుగ ముందటి దినం పగటిపూట, పెరట్ల మంచం మీద కూసొని మా ఆయన, ఈసారి బుడ్డోన్నే ఇద్దాం, ఏడాది దాటింది, మంచిగ పెరిగింది, పోయిన మా అబ్బా పేరు మీద చదువుదాం అన్నడు. అత్త దువా చేసుకుంటున్నట్టు చేతులెత్తి సరేనన్నది. బుడ్డోడు నా కొంగు నములుతున్నడు. దాన్ని ఎప్పటికైన ఇయ్యాల్సిందేనని నాకు ముందే తెలుసు, సాకిందాన్నే ఇయ్యాలంటరు. దాని చెవులు నిమిరిన.

“అది నా పేరు మీద ఇయ్యిరి” అన్న.

ఇద్దరూ నా దిక్కు చూసిండ్రు. అత్త, చనిపోయిన మనిషి ఎదురుచూస్తుంటడు, నీకేం తొందరొచ్చింది అన్నది. మా ఆయన నిమ్మలంగనే, వచ్చే ఏడు నీ పేరు మీద ఇద్దాం తియ్యి అన్నడు. “వచ్చే ఏడు దాక ఉంటనో లేనో, డాక్టరమ్మ చెప్పింది మీరూ ఇన్నరు” అన్న. చావు మాటలెందుకు పండుగ పూట అని కసిరిండు. అప్పుడు నాకు ఏడుపు రాలే, కోపం గూడ రాలే. ఏం చెప్పాల్నో మనసుల తయారుగ ఉన్నది.

“మైకుల మీరే అన్నరు గదా, ముందు వాటా పక్కకు తియ్యున్రి అని. ఇది నా బువ్వ తిని పెరిగింది. ఏడాది నుంచి నేను తినంది అది తిన్నది. మీ అమ్మ రోజూ నా పేరు మీద పోసిన పిడికెడు బియ్యమే అది. మీరు డాక్టరమ్మకు చెప్పిండ్రు, ఈమె బువ్వ మానేసిందని. మానేసిన బువ్వ యాడికి పోయిందో చూడున్రి, మీ ముందలనే నిలబడ్డది.”

అంత పెద్ద మాట ఆపరేషన్ అయినంక నేను మాట్లాడలే. గొంతు మండింది. ఆయన కండువ ఏసుకొని మసీదు దిక్కు పోయిండు. అత్త బుడ్డోని దిక్కు చాలసేపు చూసింది. తిడుతదేమో అనుకున్న. “నా పేరు గూడ ఒక్క ఏడన్న చదువలే” అన్నది, నాతోని కాదు, మేకతోని అన్నట్టు. లేచి లోపటికి పోయింది.

మా ఆయన నమాజు నుంచి వచ్చి చెప్పులు ఇడుసుకుంట, నా దిక్కు చూడకుంట అడిగిండు. “మీ అబ్బా పూరా పేరు ఏంది?”

లగ్గమైన ఇన్నేండ్లకు అడిగిండు. షేక్ లాల్ మియా అని చెప్పిన.

పండుగ పొద్దుగాల థైరాయిడ్ గోలీ ఒక్కటే మంచినీళ్లతోని మింగిన. చాయ్ ముట్టలే, ముట్టద్దని రివాజు. ఈద్గా నుంచి మొగోళ్లు వచ్చిండ్రు. బుడ్డోన్ని ఆఖరుసారి నేనే పట్టుకొచ్చిన. నా మీద నమ్మకంతోని నా ఎంబడి నడిచింది. కండ్లల్ల నీళ్లు ఆగలే, ఆపుకోలే. మా ఆయన కత్తి చేతుల పట్టుకొని, “హసన్ బీ, బింతె షేక్ లాల్ మియా తరఫున” అని గట్టిగ చదివిండు, బింతె అంటె బిడ్డ. మా నాయిన చచ్చిపోయి ఎన్నేండ్లో అయింది. ఆయన పేరు, నా పేరు పక్కపక్కన ఆ పెరట్ల ఇనబడ్డయి. నేను మొఖం పక్కకు తిప్పుకున్న.

కార్జం గిన్నెల ఏసి తేంగనే అలవాటు కొద్దీ నేను పొయ్యి దిక్కు నడిచిన. రెండడుగులు ఏసి ఆగిన. ఇక్రా గంటె అందుకోబోయింది. వద్దని తమ్మున్ని పిలిచిన. “ముజాహిద్, భూపాలపల్లి రూంల నువ్వే వండుకుంటవు గదా. ఇది ఏయించు.” వాడు బావ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, చొక్క చేతులు మడుచుకున్నడు. నేను పోయి, బువ్వ తినేటందుకు పరిచిన దస్తర్‌ఖాన్ ముందల కూసున్న, మా ఆయన రోజూ కూసునే జాగల. అక్కడ్నుంచి చూస్తె వంటిల్లు ఎంత చీకటిగ కనబడుతదో నాకు అప్పుడే తెలిసింది.

ముజాహిద్ పళ్లెం తెచ్చి నా ముందల పెట్టిండు. ఉప్పు జర ఎక్కువైంది. మొదటి ముక్క నోట్లె పెట్టుకుంటె మింగుడు పడలే, సీస పట్టుకొని పాలు తాగిన మూతి యాదికొచ్చింది. ఆగిన. అందరు నా దిక్కే చూస్తున్నరు, నేను తింటెగని వాళ్లు తినరు. ఆ చూపులు నాకు అలవాటు లెవ్వు. మెల్లగ నమిలి మింగిన. ఇంకో ముక్క తీసుకున్న. ఒక ముక్క తీసి అత్త చేతిల పెట్టిన. ఆమె నోట్లె పెట్టుకోలే, గుప్పిట్ల పట్టుకొని కూసున్నది. మా ఆయన గోడకు ఒరిగి నిలబడ్డడు. నేను తింటుంటె చూసుడు ఆయనకు అదే మొదలు.

బయట తొట్టిల బోటి అట్లనే ఉన్నది. ఈగలు ముసురుకుంటున్నయి. కొంచెం సేపు చూసి చూసి మా ఆయన ఉండబట్టలేక నా దిక్కు తిరిగి, “ఇక్రా అమ్మా, బోటి ఆగితె వాసన పడుతది” అన్నడు.

నేను పళ్లెం దగ్గరికి గుంజుకున్న.

“వేడినీళ్లు పొయ్యి మీద ఉన్నయి, సున్నం గూట్లె ఉన్నది” అన్న. “నేనింకా తింటున్న.”